ఒంటికి ఒక అల్లిక, కుర్చీకి ఒక అల్లిక

ఈ సంచికకు ఎంచుకున్న ఉత్తరాలు గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులవి. రెండు మూడు ఫ్లాట్ మెషీన్లతో అల్లిక స్టూడియో నడిపేవారు, వాళ్లకు పని ఇచ్చే డ్రెస్ డిజైనర్లు, కుర్చీలూ సోఫాలూ చేసేవారు రాశారు. ఉత్తరాలు వేరైనా ఎక్కువ వాటి వెనక తగవు ఒక్కటే. నమూనా ముక్కను చేత్తో తడిమి ఇద్దరూ బాగుందనుకున్నారు. అది ఎంత సాగుతుందో, ఉతికితే ఏమవుతుందో మాత్రం ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

మాకు 7 గేజ్, 12 గేజ్ (అంగుళానికి 7, 12 సూదులు) చేతి ఫ్లాట్ మెషీన్లు ఉన్నాయి. భువనేశ్వర్ డిజైనర్ ఒకరు నమూనా చూసి 40 కాటన్ కార్డిగన్లకు ఆర్డరిచ్చారు. నమూనా మీద కొలిచిన లెక్కతోనే కుట్లు వేశాం. ఉతికేసరికి అన్నీ పొట్టయ్యాయి. తప్పు నూలుదా, మాదా?
*— ఒక పాఠకురాలు, బరంపురం*

నూలుది కాదు. కొలత ఎప్పుడు తీశారన్నదే ఇక్కడ ప్రశ్న. గుడ్డ మెషీన్ మీద ఉన్నంతసేపూ కింద వేలాడే బరువులు దాన్ని లాగుతూనే ఉంటాయి. ప్రతి కుట్టూ నిలువునా సాగి ఉంటుంది. దింపిన గంటలోనే టేపు పెడితే ఆ సాగుడు కూడా మీ లెక్కలో చేరిపోతుంది. ఉన్ని అయితే కొంత తనంతట తానే వెనక్కి వస్తుంది. కాటన్‌కు ఆ గుణం తక్కువ. నీళ్లలో పడ్డాకే అది అసలు సైజుకు దిగుతుంది.

అంకెల్లో చూడండి. ఉతకని నమూనాలో 10 సెం.మీ.కు 21 కుట్లు, 27 వరసలు వచ్చాయనుకుందాం. అదే ముక్క ఉతికాక 22 కుట్లు, 30 వరసలు అయింది. కార్డిగన్ వెనక భాగం 48 సెం.మీ. వెడల్పు, 62 సెం.మీ. పొడవు కావాలి. ఉతకని లెక్కతో వేస్తే 101 కుట్లు, 167 వరసలు. ఇంట్లో ఒక ఉతుకు పడ్డాక అది 46 సెం.మీ. వెడల్పు, 55 చిల్లర సెం.మీ. పొడవుతో తేలుతుంది. పొడవులో ఆరు సెంటీమీటర్లు పోయినట్టే. ఉతికిన లెక్కతో వేస్తే 106 కుట్లు, జాయింట్లకు ఇంకో రెండు, 186 వరసలు. అప్పుడే కోరిన సైజు వస్తుంది.

నమూనా అంటే అరచేతిలో పట్టే ముక్క కాదు. కనీసం 80 కుట్లు, 100 వరసలు ఉండాలి. అంచులు ఎప్పుడూ అబద్ధం చెబుతాయి కాబట్టి నడిమి భాగంలోనే కొలవాలి. 40 కుట్లకు రెండు పక్కలా, 60 వరసలకు కిందా పైనా వేరే రంగు దారంతో గుర్తు పెట్టుకోండి. దింపాక రాత్రంతా బల్ల మీద పరిచి ఉంచండి, వేలాడదీయొద్దు. తర్వాత కొనేవాళ్లు ఎలా ఉతుకుతారో అలాగే మూడుసార్లు ఉతికి, పరిచి ఆరబెట్టి, మర్నాడు కొలవండి. తూకం కూడా తీయండి.

ఆ ముక్కకు ఒక చీటీ కుట్టాలి. నూలు కౌంటు (సన్నదనం అంకె), లాట్ నంబరు (ఒక్కసారిగా రంగు వేసిన దఫా), ఎన్ని పోగులు కలిపారు, ఏ మెషీన్, టెన్షన్ (కుట్టు బిగువు) డయల్ ఎంత, ఉతకక ముందు కొలత, ఉతికాక కొలత, చదరపు మీటరుకు బరువు అన్నీ అందులో ఉండాలి. డయల్ మీద అంకె ఒకటే అయినా రెండు మెషీన్లు ఒకేలా అల్లవు, అందుకే మెషీన్ పేరు తప్పదు. ఒకే నూలులో నలుపు, ముదురు నీలం లాంటి రంగులు లేత రంగులకంటే బిగుసుగా రావడం మామూలే. రంగుకో నమూనా తీయండి. ఇలాంటి ముక్కలు రెండు చేసి రెండింటి మీదా డిజైనర్ సంతకం తీసుకుని ఒకటి వారికి ఇవ్వండి (దాని చీటీ మీద ఉతికిన కొలత, బరువు చాలు), ఒకటి మీ బీరువాలో పెట్టుకోండి. రేపు మాట తేడా వస్తే సాక్ష్యం అదే.

ఇప్పుడున్న 40 కార్డిగన్ల సంగతి: ఉతికిన కాటన్ విప్పి మళ్లీ అల్లితే నూలు నూగెత్తి బాగుండదు. కింది అంచుకూ చేతులకూ 6 సెం.మీ. రిబ్ (నిలువు గాడులతో సాగే అల్లిక) పట్టీ విడిగా అల్లి, లింకింగ్ చేసి (కుట్టుకు కుట్టు జోడించి) కలపొచ్చు. ఆ పట్టీని ముందే ఉతికి కలపండి. డిజైనర్ ఒప్పుకుంటేనే సుమా. చెప్పకుండా చేస్తే సగం బేరం అక్కడే పోతుంది.

ఇనుప ఫ్రేముకు పేము చుట్టిన కుర్చీలు చేస్తాం. ఒక స్టూడియోతో కలిసి వాటికి అల్లిక కవర్లు వేశాం. ఆ స్టూడియో స్వెటర్లకు వాడే గుడ్డనే తీసుకున్నాం. నెల తిరక్కుండానే సీటు మధ్యలో ముడతలు పడ్డాయి, అంచుల్లో కుట్లు జారిపోయాయి. అల్లిక గుడ్డ కుర్చీలకు పనికిరాదా?
*— ఒక పాఠకుడు, రాయగడ*

పనికొస్తుంది. స్వెటర్ గుడ్డ పనికిరాదు. స్వెటర్‌లో మోచేయి వంచితే గుడ్డ సాగాలి. విప్పాక దానికి విశ్రాంతి ఉంటుంది, ఉతికిన ప్రతిసారీ మళ్లీ కుదుటపడుతుంది. కుర్చీ మీద బిగించిన గుడ్డకు ఆ అవకాశం లేదు. మనిషి బరువు రోజూ అదే చోట పడుతుంది. ఒకసారి సాగిన కుట్టు అలాగే ఉండిపోతుంది.

గుడ్డ ఎంచేముందు చిన్న పరీక్ష చేయండి. 5 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. పొడవున్న పట్టీలు రెండు తీయండి, ఒకటి గుడ్డ నిలువున, ఒకటి అడ్డంగా. ఒక్కోదాని నడుమ 20 సెం.మీ. దూరంలో రెండు గుర్తులు పెట్టి, కింద 2 కిలోల బరువు కట్టి అరగంట వేలాడదీయండి. బరువు తీసి గంట ఆగి కొలవండి. సీటుకైతే 20.6 సెం.మీ. దాటకూడదు, అంటే 3 శాతం. వీపు ఆనే భాగానికి 5 శాతం దాకా ఓర్చుకోవచ్చు. ఇది ల్యాబ్ ప్రమాణం కాదు, పని మొదలుపెట్టే ముందు చెత్తను ఏరేసే జల్లెడ. బరువు మీద ఎంత సాగిందన్నదానికంటే, తీశాక ఎంత వెనక్కి వచ్చిందన్నదే ముఖ్యం.

సింగిల్ జెర్సీని (ఒకే సూదుల వరస మీద అల్లే పల్చని గుడ్డ) సీటుకు తలపెట్టొద్దు. అంచు చుట్టుకుపోతుంది, ఒక కుట్టు తెగితే నిలువునా జారుతుంది. మిలానో అల్లిక అడగండి. రెండు బెడ్ల (సూదుల వరసల) మీద ఒక రిబ్ వరస, తర్వాత ముందు బెడ్ మీద ఒక వరస, వెనక బెడ్ మీద ఒక వరస, ఈ మూడూ తిరిగి తిరిగి వస్తాయి. అడ్డంగా సాగుడు బాగా తగ్గుతుంది. ఇంటర్‌లాక్ కూడా ఫరవాలేదు. చదరపు మీటరుకు 450 నుంచి 600 గ్రాముల బరువు ఉండాలి. ఒట్టి కాటన్ సీటుకు నిలవదు. కాటన్‌తో పాలిస్టర్ ఫిలమెంట్ కలిపి, లోపలివైపు 3 నుంచి 5 శాతం లైక్రా నడిపిస్తే గుడ్డ వెనక్కి తన్నుతుంది. ఆ గుడ్డ మీద ఆవిరి ఇస్త్రీ ఎక్కువ పెడితే లైక్రా చస్తుంది. అప్పుడు పెట్టిన డబ్బంతా వృథా.

కత్తిరింపులో కూడా నేతగుడ్డ లెక్క నడవదు. నేతగుడ్డ అంతగా సాగదు, అల్లిక సాగుతుంది కాబట్టి కొలత కంటే తక్కువ కోయాలి. సీటు 50 సెం.మీ., రెండు పక్కలా 8 సెం.మీ. మందం కలిపి 66 అయితే, 4 శాతం తగ్గించి 63.4 దగ్గర కోయండి. ముందు నుంచి వెనక్కి 2, 3 శాతం తగ్గిస్తే చాలు. గుడ్డ నిలువు గీతలు ముందు నుంచి వెనక్కి ఉండాలి. కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ గుడ్డను లాగేది ఆ దిక్కులోనే, నిలువున అల్లిక తక్కువ సాగుతుంది. లోపల 40 డెన్సిటీ ఫోమ్, దాని మీద పల్చని పాలిస్టర్ వాడింగ్, దాని మీద నున్నటి లైనింగు గుడ్డ వేయండి. లైనింగు లేకపోతే ఫోమ్ అల్లికను పట్టుకుని కదలనివ్వదు, ముడత పడ్డ చోటే పడుతుంది. పేము చుట్టు మీద అల్లిక నేరుగా ఆనకూడదు, నడుమ మందపాటి నేతగుడ్డ ఉండాలి. పేము చీలిక కొన కంటికి ఆనదు గానీ దారాన్ని పట్టేస్తుంది.

మీ అంచులు జారడానికి కారణం స్టేపుల్ గన్నే అయి ఉండాలి. పిన్ను కాలు కుట్టు సందులో దిగితే తాత్కాలికంగా పట్టుకుంటుంది. దారంలోనే దిగితే సగం పోగులు అక్కడే తెగుతాయి. మనిషి కూర్చున్నప్పుడల్లా ఆ మిగిలిన సగం మీద లాగుడు పడుతుంది. అది తెగిన రోజు పై కుట్టు ఆధారం పోయి వదులుతుంది, దాని తర్వాత దాని పైది. అల్లికకు పిన్ను నేరుగా కొట్టకండి. కవర్ చుట్టూ 2.5 సెం.మీ. నేత నాడా కుట్టించి, పిన్నులు ఆ నాడాకు కొట్టండి. నాడా కుట్టేటప్పుడు మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది, పాలిస్టర్ దారం వాడాలి. మామూలు మొన సూది కూడా పిన్ను చేసిన పనే చేస్తుంది.

హోటల్‌కో ఆఫీసుకో అమ్మేట్టయితే ఈ ఇంటి పరీక్ష చాలదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో మార్టిన్‌డేల్ రాపిడి పరీక్ష చేయించండి. ఇళ్లకు 15,000 నుంచి 25,000 రుద్దుళ్లు, జనం తిరిగే చోటికి 30,000 పైన అడగడం వాడుక. దానితోపాటు ఉండలు కట్టే పరీక్ష, తడి రుద్దుడుకు రంగు నిలిచే పరీక్ష కూడా చేయించండి. లేత రంగు ప్యాంటుతో కూర్చున్న అతిథి ఫిర్యాదుతో ఆర్డరు వెనక్కి వస్తే ఏ స్టూడియో తట్టుకోలేదు.

డిజైనర్ కంప్యూటర్‌లో గీసిన బొమ్మ పంపుతారు. తెర మీద గుండ్రంగా ఉన్న చంద్రుడు మా గుడ్డ మీద గుమ్మడికాయలా వస్తున్నాడు. లోపం ఎవరిది?
*— ఒక స్టూడియో నిర్వాహకుడు, గుణుపురం*

గళ్లది. డిజైనర్ చదరపు గళ్లలో గీశారు, అల్లిక కుట్టు చదరం కాదు. పై లెక్కలో 10 సెం.మీ.కు 22 కుట్లు, 30 వరసలు వచ్చాయి గదా, అంటే కుట్టు ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. 30 గళ్లు అడ్డం, 30 గళ్లు నిలువు గీసిన వృత్తం అల్లితే 13.6 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు వస్తుంది. 22 గళ్ల వెడల్పు, 30 గళ్ల ఎత్తులో గీస్తేనే గుండ్రం. ఉతికిన నమూనా అంకెలు డిజైనర్‌కు ముందే పంపి, ఆ నిష్పత్తిలో గళ్ల కాగితం పెట్టుకొమ్మనండి. బొమ్మ వచ్చాక మీరు సరిచేయడం మొదలుపెడితే వేళ్లూ ముక్కులూ మారిపోతాయి, మళ్లీ గొడవ.

ఇంకో రెండు హద్దులు కూడా మొదటి రోజే చెప్పేయండి. ఒక బెడ్ మీద రెండు రంగుల పని అయితే వెనకవైపు వదులుగా పోయే దారం 5 కుట్లు దాటకూడదు. దాటితే స్వెటర్ చేతిలో ఉంగరాలు, గోళ్లు తగులుకుంటాయి. పంచ్‌కార్డు మెషీన్ అయితే బొమ్మ 24 కుట్లకోసారి తిరిగొస్తుంది, అంతకంటే వెడల్పైన బొమ్మ దానిమీద రాదు. రెండు బెడ్ల మీద రంగుల బొమ్మను గుడ్డలోనే అల్లే జకార్డ్‌లో వెనక దారాలు వేలాడవు గానీ రంగు పెరిగిన కొద్దీ గుడ్డ మందం, బరువు పెరుగుతాయి. మూడు రంగుల జకార్డ్ సోఫాకు భేషుగ్గా ఉంటుంది. అదే గుడ్డతో చొక్కా కుట్టిస్తే బరంపురం ఎండలో ఎవరూ వేసుకోరు.

మాది పట్టునేత ఇల్లు. ఫొడా కుంభ చీరలు నేయగా మిగిలిన రంగు పట్టునూలు చాలా ఉంది. అల్లిక స్టూడియో వాళ్లు తీసుకుంటారా?
*— ఒక పాఠకుడు, బరంపురం*

తీసుకుంటారు, కానీ మీరనుకునే పద్ధతిలో కాదు. 20/22 డెనియర్ (9,000 మీటర్ల దారం తూగే గ్రాములు) రెండు పోగులు పురిపెట్టిన నూలు, జిగురు ఉడకబెట్టి తీశాక 30 డెనియర్ చిల్లరకు దిగుతుంది. 12 గేజ్ మెషీన్‌కు మామూలుగా పెట్టే నూలు 640 డెనియర్ దాకా ఉంటుంది. అంటే మీ పోగులు 20 కలిపితేగాని ఒక అల్లిక దారం కాదు. పురి లేకుండా అన్నీ కలిపి నడిపితే సూది కొక్కెం కొన్నింటిని పట్టి కొన్నింటిని వదిలేస్తుంది, గుడ్డంతా పోచలే. కలిపి పురిపెట్టించాలి, తర్వాత కోను చుట్టించాలి. పైగా పట్టు బరువుకు సాగి వెనక్కి రాదు, ఒట్టి పట్టుతో అల్లిన పొడుగు కోటు వేలాడదీస్తే రోజురోజుకూ దిగుతుంది. కాటన్ లోపల, పట్టు పైన వచ్చేలా ప్లేటింగ్ చేసి అల్లితే తక్కువ పట్టుతోనే మెరుపు వస్తుంది. మిగులు నూలు కాబట్టి ఒక రంగులో ఎన్ని గ్రాములుందో తూచి జాబితా ఇవ్వండి. రంగుకు 300 గ్రాములైనా లేకపోతే డిజైనర్‌కు చారలకు తప్ప పనికిరాదు.

మా కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నూలుతో కార్డిగన్లు, దిండ్లు అల్లించి "కోట్‌పాడ్ నిట్" అని అమ్మాలని డిజైనర్ అంటున్నారు. చేయొచ్చా?
*— ఒక పాఠకురాలు, జయపురం*

అల్లొచ్చు. ఆ పేరు పెట్టడం మంచిది కాదు. కోట్‌పాడ్‌కు 2005లో వచ్చిన భౌగోళిక గుర్తింపు (ఊరి పేరును ఆ ఊరి సరుకుకే కట్టిపెట్టే జీఐ నమోదు) అక్కడి చేనేత గుడ్డకు వచ్చింది. పడుగు పేకలతో మగ్గం మీద నేసిన గుడ్డ అది, మెషీన్ మీద అల్లింది ఆ కోవలోకి రాదు. రాయగడ డోంగ్రియా కొంధుల కపడాగండా శాలువాకు 2024లో వచ్చిన గుర్తింపు సంగతీ అంతే, ఆ కుట్టుపని బొమ్మను జకార్డ్‌లో దింపి ఆ పేరుతో అమ్మకూడదు. "ఆల్ చెట్టు వేరు రంగు వేసిన కాటన్ నూలుతో అల్లినది" అని ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. రంగు వేసినవారి పేరు, ఊరు వాళ్ల అనుమతితో చీటీ మీద వేయండి, ధరలో వాళ్ల వాటా ముందే తేల్చండి.

పనిలో వచ్చే చిక్కు వేరు. చిలపలుగా వచ్చే ఆల్ వేరు రంగు నూలు కాస్త గరుకుగా ఉంటుంది, సూది కొక్కెంలో నలిగి తెగుతుంది. కోను చుట్టేటప్పుడు మైనం బిళ్ల మీదుగా నడిపించండి, టెన్షన్ ఒక అంకె వదులు చేయండి, క్యారేజి నెమ్మదిగా తోయండి. చిలప చిలపకూ రంగు తేడా ఉంటుంది. ఒకే కోను నుంచి ఒక భాగం మొత్తం అల్లితే ముందు వెనకలు రెండు రంగుల్లో తేలతాయి. రెండు కోన్లు పెట్టుకుని రెండేసి వరసలకు మార్చుకుంటూ పోతే తేడా కలిసిపోతుంది. తెల్ల గుడ్డతో పొడిగా, తడిగా రుద్ది చూసి, మరక దిగితే ఆ నూలును దిండుకు వాడొద్దు.

ఫ్యాషన్ డిజైనర్లు, ఫర్నిచర్ డిజైనర్లు ఒకే అల్లిక మీద కలిసి పనిచేసిన ఉదాహరణలు చెప్పగలరా? కాలేజీలో ప్రాజెక్టు చేస్తున్నాను.
*— ఒక విద్యార్థిని, బరంపురం*

అచ్చంగా మీరడిగినదే ఒకటుంది. జపాన్ ఫ్యాషన్ డిజైనర్లు ఇస్సే మియాకే, దాయ్ ఫుజివారా 1998లో ఏ-పాక్ మొదలుపెట్టారు. గొట్టంలా వచ్చే అల్లిక గుడ్డలోనే డ్రెస్సు గీతలు అల్లి ఉంటాయి, కొన్నవారు కత్తెరతో కోసుకుంటే చాలు, అంచు జారదు. ఫర్నిచర్ డిజైనర్ రాన్ ఆరాద్ ఇటలీ కంపెనీ మొరోసోకు చేసిన రిపుల్ కుర్చీకి ఆ ఏ-పాక్ బృందమే తొడుగు చేసింది, దాన్ని తీసి ఒంటికి వేసుకోవచ్చు. ఒకే గుడ్డ రెండు పనులూ చేయడం అక్కడ కుదిరింది. గట్టి కుర్చీ మీద పరిచే తొడుగు కాబట్టి కుదిరింది, బిగించి లాగి కట్టే సీటు అయితే అంత సులువు కాదు.

నెదర్లాండ్స్ వైపు చూస్తే ఇంకా పని దొరుకుతుంది. పరుపుల గుడ్డ అల్లే గుండ్రటి మెషీన్ల మీద బట్టలకు గుడ్డ తీయడంతో మొదలైన బైబోరె స్టూడియో తర్వాత ఫర్నిచర్ గుడ్డల్లోకీ వెళ్లింది. ఫెబ్రిక్ అన్నది సోఫాలకే అల్లిక గుడ్డలు చేసే పేరు, ఇప్పుడు డెన్మార్క్ కంపెనీ క్వాడ్రాట్ కింద ఉంది. అక్కడి డిజైనర్ క్రిస్టియెన్ మైండర్ట్స్‌మా మందపాటి ఉన్ని దారంతో అల్లిన అర్చిన్ అనే నేల పీటలూ చూడండి. అక్కడ అల్లిక తొడుగు కాదు, అదే వస్తువు. టిల్‌బర్గ్ టెక్స్‌టైల్ మ్యూజియం ల్యాబ్‌లో డిజైనర్లు మెషీన్ నడిపేవారి పక్కనే కూర్చుని పని చేస్తారు. మీ ప్రాజెక్టులో గుడ్డ ఫొటోల కంటే ఆ పక్కన కూర్చునే పద్ధతి గురించి రాస్తే ఎక్కువ ఉపయోగం.

నమూనాలు తీసుకెళ్లి వేరే చోట చౌకగా చేయించుకుంటున్నారు. డిజైన్ ఎవరిది? ఎలా కాపాడుకోవాలి?
*— ఇదే ప్రశ్న పర్లాకిమిడి, రాయగడ, బరంపురం నుంచి*

ముందు చట్టం. 2000 నాటి డిజైన్స్ చట్టం కింద గుడ్డ కంటికి కనిపించే తీరును నమోదు చేయించుకోవచ్చు. 10 ఏళ్లు, ఆపైన ఇంకో 5 ఏళ్లు రక్షణ. ఎలా అల్లారన్న పద్ధతికి ఆ రక్షణ లేదు. దరఖాస్తుకు ముందే ఆ డిజైన్‌ను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా, ప్రదర్శనలో వేలాడదీసినా కొత్తదనం పోయినట్టే. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. నమోదు చేయకుండా కాపీరైట్ ఉందిలే అనుకుంటే, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నమోదుకు వీలున్న డిజైన్‌ను మెషీన్ మీద 50 సార్లు దాటి తీశాక ఆ హక్కు ఆగిపోతుంది. 40 కార్డిగన్ల ఆర్డరు రెండోసారి వచ్చిందంటే దాటేసినట్టే.

ఇంకో మెలిక. మీకు డబ్బిచ్చి తన కోసం డిజైన్ చేయించుకుంటే, డిజైన్స్ చట్టం దృష్టిలో యజమాని డబ్బిచ్చినవారే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. కాబట్టి నమూనాకు రుసుము తీసుకునే రోజే ఒక పేజీ కాగితం రాయించుకోండి. గుడ్డ డిజైన్ స్టూడియోదని, డ్రెస్సుల్లో వాడుకునే హక్కు ఇన్నేళ్లకు ఫలానావారిదని, ఫర్నిచర్‌లో వాడుకునే హక్కు స్టూడియో దగ్గరే ఉందని తేటగా ఉండాలి. నమోదులో గుడ్డ 5వ తరగతి, బట్టలు 2, ఫర్నిచర్ 6. ఈ విభజనను ఒప్పందంలోనూ అలాగే వాడుకోవచ్చు. కాపీరైట్ రాసిచ్చేటప్పుడు గడువు వేయకపోతే చట్టం 5 ఏళ్లుగా, చోటు చెప్పకపోతే భారతదేశం వరకుగా తీసుకుంటుంది. "అన్ని హక్కులూ" అనే మాట కనిపిస్తే సంతకం ఆపి చదవండి.

కాగితం కంటే ముందు చేసే పనులూ ఉన్నాయి. రుసుము అందకుండా 10 సెం.మీ. ముక్క దాటి ఇవ్వొద్దు. చీటీ మీద నూలు వివరాలు, డయల్ అంకె రాసిన ముక్క మీ దగ్గరిది, వారికిచ్చే ముక్క మీద ఉతికిన కొలత, బరువు ఉంటే చాలు. ప్రోగ్రాం ఫైలు అమ్మేది వేరే ధరకు.

డబ్బు ఆలస్యమైతే: ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ పట్టిక) నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న పరిశ్రమకు కొన్నవారు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించుకోండి. ఫిర్యాదు దాకా వెళ్లకుండానే కొన్ని బిల్లులు కదులుతాయి.

కలిసి చేసే పనికి ధర ఎలా కట్టాలి? కిలో లెక్కా, పీసు లెక్కా?
*— ఒక పాఠకుడు, పర్లాకిమిడి*

నూలుకు కిలో, మెషీన్‌కు గంట, చేతిపనికి పీసు. ఈ మూడూ కలిపేసి ఒకే ధర చెప్పినవారే నష్టపోతారు. నూలు లెక్క నమూనా తూకం నుంచి వస్తుంది. 20 సెం.మీ. చదరం ముక్క 12 గ్రాములు తూగితే చదరపు మీటరుకు 300 గ్రాములు. కార్డిగన్ అన్ని భాగాలూ కలిపి 1.2 చదరపు మీటర్లయితే 360 గ్రాములు, మొదలూ తుదీ పారేసే వరసలకు, తెగిన నూలుకు 10 శాతం కలిపి 400 గ్రాముల దగ్గర పెట్టుకోండి. 520 గ్రాముల గుడ్డతో 1.6 చదరపు మీటర్ల కుర్చీ కవరుకు 830 గ్రాములు, కోతలో పోయేది ఎక్కువ కాబట్టి దానికి 15 శాతం. ఒకే లాట్ నూలు చివర్లో 200 గ్రాములు తక్కువ పడితే కొత్త లాట్ రంగు కలవదు. ఆ భయానికి కట్టే ధర ఈ శాతం.

నమూనా రుసుము విడిగా, ముందుగా తీసుకోండి. ఆర్డరు వస్తే అందులో సగం తగ్గిస్తామని చెప్పొచ్చు, మొత్తం మాఫీ చేయకండి. రెండు సవరణల దాకా ఆ రుసుములోనే, మూడో దాని నుంచి వేరే అని రాసుకోండి. నూలు వారిచ్చి మీరు అల్లితే జాబ్ వర్క్, మీ నూలుతో అల్లి ఇస్తే సరుకు అమ్మకం. రెంటికీ బిల్లు వేరు, తూకం పుస్తకమూ వేరు.

లండన్ కొనుగోలుదారు మా అల్లిక సీటుకు మంట పరీక్ష కాగితం అడుగుతున్నారు. స్వెటర్లకు ఎప్పుడూ అడగలేదే?
*— ఒక ఫర్నిచర్ తయారీదారు, రాయగడ*

బ్రిటన్‌లో 1988 నుంచి ఇళ్లలోని సోఫాలు, కుర్చీలకు నిప్పు నిబంధనలు వేరుగా ఉన్నాయి. సిగరెట్టు పరీక్ష, అగ్గిపుల్ల పరీక్ష రెండూ పాస్ కావాలి. అమెరికాలో కాలిఫోర్నియా టీబీ 117-2013 ప్రమాణం నిప్పురవ్వ మీద నెమ్మదిగా రాజుకోవడాన్నే చూస్తుంది. పాలిస్టర్ అల్లిక మంట తగలగానే కరిగి కన్నం పడి లోపలి ఫోమ్‌ను బయటపెడుతుంది, అందుకే వెనక పూత అడుగుతారు. ఆ పూత వేస్తే గుడ్డ బిర్రబిగిసి సాగుడు సగానికి సగం పోవచ్చు. పూత వేసిన గుడ్డకు పైన చెప్పిన 2 కిలోల పరీక్ష మళ్లీ చేసి, కత్తిరింపు శాతం మళ్లీ కట్టండి. పూత లేని నమూనా మీద కోసిన కవర్లు ఫ్రేముకు ఎక్కవు.

కొమ్ముతో బొత్తాలు చేస్తాం. అల్లిక స్టూడియోకు ఇస్తే కోట్ల ముందు భాగం వేలాడిపోతోందంటున్నారు.
*— ఒక పాఠకుడు, పర్లాకిమిడి*

బొత్తం బరువుకంటే కింద ఆధారం లేకపోవడమే ఎక్కువ తప్పు. బొత్తాల పట్టీ లోపల నేత రిబ్బను కుట్టమనండి, బొత్తం వెనక చిన్న చదును బొత్తం పెట్టి రెంటినీ కలిపి కుట్టమనండి. సైజు 24 లైన్, అంటే 15 మి.మీ. చిల్లర, పల్చటి అల్లికకు అంతకు మించొద్దు. మీ వైపు నుంచి చూసుకోవలసింది రంధ్రాలు. డ్రిల్ దింపిన చోట అంచు కత్తిలా మిగిలితే దారం నెలలో తెగుతుంది. సన్నని గుండ్రటి ఆకురాయితో రెండు వైపులా నునుపు చేయండి. కొమ్ము వేడినీటికి మెత్తబడి వంగుతుంది కాబట్టి, బొత్తాలతోపాటు "చల్లటి నీళ్లలో చేత్తో ఉతకండి, బొత్తం మీద ఇస్త్రీ పెట్టకండి" అన్న చీటీ పంపండి. అది స్టూడియో దాకానే ఆగకుండా కోటు లోపలి లేబుల్ మీదకు ఎక్కేలా డిజైనర్‌తో మాట్లాడుకోండి.